అరవై రెండు

మూడు వారాలుగా నా వ్యాను నల్లగా దగ్గుతోంది.
రియో సెకో నుంచి సేహా దాకా
పద్నాలుగు మంది ముక్కులు మూసుకుని కూర్చుంటున్నారు.
మొన్నొక ముసలావిడ దిగుతూ అంది:
"నీ బండి పెట్రోలు తాగటం లేదు నాయనా,
కక్కుతోంది."

ప్లగ్గులు మార్చాను. ఫిల్టరు మార్చాను.
మసి గడ్డకట్టిన పాత ప్లగ్గుల్ని జేబులో వేసుకుని
గురువారం సంతంతా తిరిగాను.
గేర్‌బాక్సులూ కుక్కపిల్లలూ పక్కపక్కనే అమ్మే చోట
ఒకడు అగ్గిపెట్టెంత నల్ల డబ్బా చేతిలో పెట్టి
"ఇదే నీ రోగం" అన్నాడు.
ఇంటేక్ మానిఫోల్డు మీద కూర్చుని
లోపలి గాలి ఒత్తిడి కొలిచే సెన్సరట.
రెండు రోజుల సంపాదన. బిగించాను.
పొగ నన్ను గుర్తుపట్టి మళ్ళీ పలకరించింది.

అప్పుడు మెల్చోరా షెడ్డుకి వెళ్ళాను.
వడగళ్ళు కురిసి ఆగిన పొద్దు.
రెండు జడలూ ఉన్ని టోపీలోకి తోసి
ఊదారంగు ఆపి చప్పరిస్తూ
ఆమె నా మాట వినలేదు, ఇంజను మాట వింది.
ఆపేయమంది. తాళం మాత్రం తిప్పి ఉంచమంది.

"ఆగిన ఇంజను పీల్చదు, వదలదు.
ఇప్పుడు సెన్సరుకి తగిలేది బయటి గాలే,
నువ్వూ నేనూ పీల్చేదే.
అది చెప్పాల్సిన అంకె నాకు నోటికొచ్చు.
అరవై రెండు.
ఈ ఎత్తున మనకి రాసిపెట్టింది అంతే."

స్కానరు నూట పదిహేను అంది.

ఆమె గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వింది.
"సముద్రపు ఒడ్డునే నూటొకటి, సెవెరో.
నీ బండి ఒడ్డున కూడా లేదు,
నీళ్ళ కింద ఉన్నాననుకుంటోంది!
అంత గాలి ఉందని నమ్మి
అంతకు అంతా పెట్రోలు పోస్తోంది."

నేను సముద్రం చూడలేదు.
మా దేశానికే లేదు. బడిలో టీచరు
ఒకప్పుడు ఉన్న చోటు పటం మీద వేలితో రాసి చూపించేది.
ఈ వ్యాను మాత్రం చూసింది.
జపాన్‌లో కుడిచేతి బండిగా పుట్టి
ఇకీకే రేవులో ఓడ దిగి
స్టీరింగు ఎడమకి మార్పించుకుని
కొండెక్కి వచ్చి నా అప్పులో చేరింది.

"సెన్సరు కొత్తది కదా!" అన్నాను.
ఆమె దాన్ని ఊడబీకి నా అరచేతిలో పెట్టింది.
కనెక్టరులో మూడు తీగలు:
అయిదు వోల్టులు తెచ్చేదొకటి,
నేలకి పోయేదొకటి,
కబురు మోసేదొకటి.
కబురు తీగ మీద మీటరు ముల్లు
ఇంకా అయిదు దగ్గరే నిక్కి నిలబడింది.

చెప్పే నోరు నా చేతిలో ఉంది.
చాడీ మాత్రం ఆగలేదు.

పుండొకచోట, నేను మందు రాసిందొకచోట.
ఆమె వేళ్ళు తీగ వెంట నడిచి
డాష్‌బోర్డు కిందికి దూరాయి.
స్టీరింగు మార్చిన నాడు పొడవు చాలక
ఎవడో తీగలు అతికి చుట్టిన నల్ల టేపు,
జిగురు కారి, దుమ్ము పట్టి, గట్టిపడి.
విప్పింది.
తొడుగు అరిగిన రెండు తీగలు
చలికి దగ్గరగా జరిగినట్టు ఆనుకుని ఉన్నాయి.
ఒకటి చెవిలో చెప్పింది
రెండోది తన మాటగా ఒప్పజెబుతోంది, ఇన్నాళ్ళూ.

విడదీసింది. టంకం పెట్టింది.
దేని గొట్టం దానికి తొడిగింది.
టార్చి పట్టుకున్న నా చెయ్యి వణికితే
"చలా?" అంది.
బిల్లు అని చెప్పలేదు.

నా పాత సెన్సరే మళ్ళీ బిగించి
తాళం తిప్పమంది.

అరవై రెండు.

ఇంజను అందుకోగానే అంకె ఇంకా దిగింది,
ముప్పై దగ్గర ఊగుతూ నిలిచింది.
ఊపిరి పీల్చేటప్పుడు అలా దిగాలట.
పొగగొట్టం ముందు తన రుమాలు పట్టి
తెల్లగానే మడిచి జేబులో పెట్టుకుంది.

కొత్త సెన్సరుని సంతలో వాడు వెనక్కి తీసుకోలేదు.
అద్దం ముందు, సాధువు బొమ్మ పక్కన పడుంది.

ఈరోజు ఆ ముసలావిడే ఎక్కింది.
సీటులో కూర్చుని రెండుసార్లు గట్టిగా వాసన చూసింది.
ఏమీ అనలేదు.
సేహాలో దిగి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది,
ఇరవై సెంటావోలు తక్కువ.